పక్క మీద చోటు

బచేలి టౌన్‌షిప్‌లో మగాడికి నైట్ షిఫ్ట్ పడిందంటే ఆ వారమంతా ఆ ఇంటికి పగలే రాత్రి. కిటికీలకు దుప్పట్లు కడతారు, కుక్కర్ పెట్టరు, పక్క క్వార్టర్‌వాళ్ళు సైతం గొంతు తగ్గించి పోట్లాడుకుంటారు. ఇనుపగని మీద డంపర్ లారీ నడిపే ఉమామహేష్ పొద్దున్నే వచ్చి, ఒంటికంటిన ఎర్రదుమ్ము కడుక్కుని ఆ చీకటిగదిలో పడుకున్నాడంటే మళ్ళీ సాయంత్రానికే లేవడం. అతని భార్య ఇంద్రాణి అతను పడుకునే వేళకి బజారులో సుమిత్ర కుట్టు దుకాణానికి పనికి పోతుంది.

ఏడాది కిందటి దాకా ఆ దుకాణం మెట్లెక్కడానికే ఇంద్రాణికి ఆయాసం వచ్చేది. మోకాళ్ళు అరిగిపోతున్నాయని డాక్టరమ్మ గట్టిగా మందలించాక పంతం పట్టింది. అన్నం మానేసి, చోడి అంబలి తాగి, కొండదారిన నడిచి నడిచి సగమైంది. కాలనీ ఆడవాళ్ళు కుళ్ళుకుని చచ్చారు. వాళ్ళ కుళ్ళు చూస్తుంటే ఆమెకు ఎంత హాయిగా ఉండేదో!

కాని ఒళ్ళు తగ్గి ఊరుకుంటుందా? పొట్ట మీద చర్మం ఖాళీ సంచిలా వేలాడింది. ఉంగరం వేలు మీద నిలవలేదు, చెప్పులు కూడా వదులయ్యాయి. దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు ఊడొచ్చేది. అన్నిటికన్నా చలి... నడివేసవిలో కూడా స్వెటర్ తీయలేని చలి.

"కరువొచ్చిందనుకుంటుందమ్మా శరీరం. పోయిన బరువు కోసం కొన్నాళ్ళు వెతుక్కుంటుంది. కంగారు పడకు" అంది డాక్టరమ్మ.

ఉమామహేష్ మాత్రం బాగున్నావని ఒక్కసారీ అనలేదు. ఆమెకు గుచ్చుకున్నది అదే. నిద్రలో ఆమె మీద చెయ్యి వేసేవాడు, ఎముక తగలగానే తీసేసేవాడు.

నైట్ షిఫ్ట్ పడిన ఆ వారం, ఒక సాయంత్రం పక్క దులుపుతుంటే తలగడ మీద పొడవాటి వెంట్రుక ఒకటి దొరికింది. లావుగా, నూనెతో నిగనిగలాడుతోంది. గోడవైపు పరుపు లోతుగా దిగి ఉంది. అది ఇంద్రాణి పడుకునే వైపే. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

పైగా పక్కింటి వరహాలమ్మ పిన్ని పెరటి గోడ మీంచి ఆరా తీసింది. "ఏటే ఇంద్రాణీ, పనికెల్డం మానీసావేటి? మజ్జాన్నం మీ గదిలోంచి ఒకటే నవ్వులు. డూటీ చేసొచ్చినోడిని కూసింత పడుకోనీవే!"

ఇంద్రాణికి ఒళ్ళు మండిపోయింది. ఇంత నోరు కట్టుకుని కరిగించుకున్నది ఇంకెవతెకో చోటివ్వడానికా? అది ఎవతో, లావైనదే అయ్యుండాలి. పరుపు చెబుతోందిగా!

మర్నాడు "ఆధా దిన్ ఛుట్టీ, దీదీ" అని సుమిత్రకు చెప్పేసి, ఒంటిపూట సెలవు తీసుకుని ఎండలో ఇంటికి వచ్చింది. వరండాలో సన్నగా పేరుకున్న ఎర్రదుమ్ములో తమ ఇద్దరి అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. దొడ్డిదారిన వచ్చి ఉంటుంది దొంగముండ, అనుకుంది. చప్పుడు కాకుండా లోపలికి పోయి చూస్తే దొడ్డి తలుపుకు లోపలి గడియ వేసే ఉంది.

పడకగది తలుపు నెమ్మదిగా తోసింది.

చీకటి. కొబ్బరినూనె, పౌడరు, చెమట కలిసిన వాసన. ఫ్యాను చప్పుడు కింద రెండు ఊపిరులు... ఒకటి భర్తది. రెండోది బరువుగా, గురక చివర చిన్న ఈలతో.

కళ్ళకు చీకటి అలవాటైంది. గోడవైపు తిరిగి పడుకున్న పెద్ద వీపు కనిపించింది. ఉమామహేష్ దాన్ని వాటేసుకుని, ముఖం ఆ వీపుకి ఆనించి నిద్రపోతున్నాడు. అతని ముఖంలోని ఆ సుఖం చూసి ఆమెకు కోపం కాదు, ఏడుపొచ్చింది. తన పక్కన అతను అలా పడుకుని ఎన్నాళ్ళయిందో...

వంగి ఆ జడ పట్టుకుంది. లాగబోయి ఆగింది. జడ కింద, మెడ మీద, కాలిన మచ్చ. చిన్నప్పుడు గంజి పడి కాలినది. తన మచ్చ.

చెయ్యి తన మెడ మీదికి పోయింది. తడిమింది. మళ్ళీ తడిమింది...

నున్నగా ఉంది.

కాళ్ళు పారిపోదామన్నాయి. భయం నిజమే. కాని భయాన్ని మించి అసూయ పొంగింది. ఆ చోటు తనది. ఆ వెచ్చదనం తనది. ఆ చెయ్యి తన మీద ఉండాల్సింది.

"జరుగు" అంది గొంతులోనే.

ఆ ఒళ్ళు జరిగింది. మారు మాట లేకుండా, రైల్లో పక్కవాళ్ళకి చోటిచ్చినట్టు, గోడ దాకా జరిగింది. మంచం కిర్రుమంది. ఇంద్రాణి ఇద్దరి మధ్యా పడుకుంది. వెనక నుంచి పొయ్యిలాంటి వేడి తగులుతోంది. అయినా చలి పోలేదు.

ఉమామహేష్ చెయ్యి నిద్రలో వెతుక్కుంటూ వచ్చింది. ఆమె పక్కటెముకలు తగిలాయి. ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు.

"ఇందూ..."

ఊఁ అనబోయింది. గొంతు రాలేదు.

"మన మధ్యలో ఎవరో ఉన్నారే... చల్లగా..."

గోడవైపు నుంచి, కాస్త ఆయాసపడుతూ, ఇంద్రాణి గొంతే జవాబిచ్చింది.

"ఎవరూ లేరండీ. పడుకోండి."

అతను నమ్మాడు. ఇంద్రాణి మీదుగా చెయ్యి చాచి, అటువైపు వేసి, హాయిగా నిద్రపోయాడు.