ఫైల్లో లేని మనిషి

"పిచ్చివాడిలా నటించగలవా?" చీఫ్ సూటిగా అడిగాడు.

"నటిస్తాను సార్," అన్నాడు ఏజెంట్.

"ఎప్పుడైనా దగ్గరగా చూశావా?"

"సినిమాల్లో సార్."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు అతనికే సిగ్గేసింది. సొంత అన్నయ్యకి పన్నెండేళ్లుగా స్కిజోఫ్రెనియా. ఉద్యోగం రాదేమోనని సర్వీసు ఫైల్లో "తోబుట్టువులు లేరు" అని రాశాడు. మూడేళ్లుగా అన్నయ్య గడప తొక్కలేదు.

బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. ఒక స్లీప్ ల్యాబ్. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు గాఢనిద్రలో ఉండగా, మెదడు తరంగాలకు సరిగ్గా జతపడేలా చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగవుతున్నాయి. ఆ ప్రోగ్రామ్ కాపీ చేసుకుని, ఇక్కడిది చెరిపేయాలని ఒక విదేశీ ముఠా పథకం. పేషెంట్ వేషంలో చేరి దాన్ని ఆపాలి. ల్యాబ్‌లో మన మనిషి సౌండ్ ఇంజనీర్. కోడ్: "దిండు ఎత్తుగా ఉంది."

మధ్యాహ్నం రెండింటికి, మాసిన గడ్డంతో, జేబులో ట్రాన్స్‌మిటర్ పెన్నుతో ఏజెంట్ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. తనలో తనే గొణుక్కుంటూ, చొక్కా గుండీ తిప్పుకుంటూ, మూడడుగులకోసారి వెనక్కి చూస్తూ నడిచాడు. నటన అద్భుతంగా కుదిరింది. కుదరక ఏం చేస్తుంది? ప్రతి కదలికా అన్నయ్యదే.

తనకిచ్చిన మంచం పక్కనే, ఇంకో మంచం మీద, తలనిండా వైర్లతో అన్నయ్యే కూర్చుని ఉన్నాడు.

"నన్ను వెక్కిరిస్తున్నావేంరా?" మెల్లగా అడిగాడు.

ఏజెంట్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా, "మీరెవరండీ?" అన్నాడు. అన్నయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

సౌండ్ ఇంజనీర్ వచ్చింది. కళ్లు తిప్పుకోలేని అందం, ఎర్రటి గోళ్లు.

"దిండు ఎత్తుగా ఉందండీ."

"మారుస్తాను. ముందు ఈ నీళ్లు తాగండి," అంది నవ్వుతూ.

ఏజెంట్ ఆ నవ్వుకి కరిగిపోయి గ్లాసు ఖాళీ చేశాడు. రెండు నిమిషాల్లో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

"ఒరేయ్, లేరా!"

అన్నయ్య భుజం పట్టి కుదుపుతున్నాడు. ఇంజనీర్ లేదు. మెషిన్ స్క్రీన్ మీద ఎర్రక్షరాలు: ప్రోగ్రామ్ చెరిగిపోవడానికి నలభై సెకన్లు, ఆపాలంటే ఆరంకెల కోడ్.

నీళ్లలో మత్తుమందు. ఆమె డబుల్ ఏజెంట్! అతను తూలుతూనే పెన్ను నొక్కాడు. "గేట్ టీమ్! సౌండ్ ఇంజనీర్‌ని ఆపండి!"

కానీ కోడ్? ఇరవై సెకన్లు.

"నాలుగు, తొమ్మిది, సున్నా, రెండు, రెండు, ఏడు," అన్నాడు అన్నయ్య.

"నువ్వే కొట్టొచ్చుగా అన్నయ్యా!"

"పేషెంట్లు మెషిన్ ముట్టుకోకూడదు."

ఏజెంట్ గబగబా అంకెలు కొట్టాడు. రెండు సెకన్ల దగ్గర లెక్క ఆగిపోయింది.

"నీకెలా తెలుసు?"

"నువ్వు పడుకోగానే ఆవిడ ఫోన్లో ఎవరికో చెప్పింది, మా ఎదురుగానే. వీళ్లకేం గుర్తుంటుందిలే అనుకుంది. ఒకప్పుడైతే నిజమే, మాట సగంలో ఉండగానే మొదలు మర్చిపోయేవాణ్ణి. రెండు నెలలుగా ఆ శబ్దాలతో పడుకుంటున్నా కదా. ఇప్పుడు ఓ కునుకు తీసి లేచినా గుర్తుంది."

చీఫ్ లోపలికొచ్చాడు. ఇంజనీర్ గేటు దగ్గరే దొరికిపోయింది.

"ఈయనెవరు?"

"పక్క బెడ్ పేషెంట్‌నండి," అన్నయ్యే ముందుగా అన్నాడు. "ఈయనెవరో నాకు తెలీదు."

తన పరువు కోసం అన్నయ్య ఆడిన ఆ అబద్ధానికి ఏజెంట్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"మా అన్నయ్య సార్. సొంత అన్నయ్య."

"తోబుట్టువులు లేరని ఫైల్లో ఉందే! మూడుసార్లు ఎంక్వైరీ చేయించాం."

"నేనే అబద్ధం రాశాను సార్. మా అన్నయ్యని చెప్పుకోవడానికి నామోషీపడ్డాను."

చీఫ్ ముఖం ఎర్రబడింది. అన్నయ్య కల్పించుకున్నాడు.

"పోనివ్వండి సార్. ఇంత మనిషిని ఇన్నేళ్లు మీకే తెలియకుండా దాచాడంటే, మీవాడు పనిమంతుడే."