ఆఖరి బస్సు, ఆఖరి రీలు

"నువ్వు ఈ గడప దాటితే పాపని నేను ముట్టుకోను!"

అనేశాక గానీ ఆ మాట ఎంత బరువైనదో అత్తగారికి తెలియలేదు. అద్దం ముందు జుట్టు దువ్వుకుంటున్న కోడలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వేదిక మీద వేసుకోవడానికి ఇస్త్రీ చేసిన నల్ల దుస్తులు కుర్చీకి వేలాడుతున్నాయి. ఐదో నెల పాప మంచం మీద వెల్లకిలా పడుకుని, తన కాలివేళ్లను ఎవరివో అన్నట్టు వింతగా చూసుకుంటోంది.

"ఒక్క సాయంత్రం అత్తయ్యా..." కోడలు దువ్వెన కింద పెట్టింది. "రేపు కచేరీకి నేను వెళ్లకపోతే పాటల బృందంలో నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ పిలవరు. ఆయనకేమో రేపు పొద్దు పోయేదాకా డ్యూటీ..."

"పిలవకపోతే మానె! పాట పోతే మళ్లీ వస్తుంది, పసితనం పోతే వస్తుందా? నేను మానేయలేదూ? రేడియోవాళ్లు ఇంటికొచ్చి మరీ అడిగితే, నీ మొగుణ్ణి ఒళ్లో పెట్టుకుని వద్దన్నాను! నేనెంత, హాలీవుడ్‌లో అంత గొప్ప తారే బిడ్డ కోసం పాట మానేసింది!"

ఆ తార సంగతి ఇంట్లో తెలియనివారు లేరు. అత్తగారికి పెళ్లైన కొత్తలో, భర్త సినిమా హాల్లో ఆపరేటరుగా ఉన్నప్పుడు, ఆ పాటల సినిమా ఆడినన్నాళ్లూ ఆమె సాయంత్రం ఆటకి వెళ్లి యంత్రాల గది పక్కన స్టూలు మీద కూర్చుని చూసేది. మాటలు అర్థమయ్యేవి కావు. కన్నీళ్లు అర్థమయ్యేవి. ఊరూరా పాడే పిల్ల, బిడ్డ పుట్టాక కిటికీ మూసేస్తుంది. వీధిలోని సంగీతం ఆగిపోతుంది. తెర చీకటవుతుంది. ఆ చీకట్లో ఆమె తన బతుకుకి ఒక దారి చూసుకుంది... ముప్పై ఏళ్లుగా ఆ దారినే నడిచింది!

"సరే," అంది కోడలు, కళ్లు తుడుచుకుని. "ఆ సినిమా చూస్తాను. చూశాక కూడా వెళ్లాలనిపిస్తే పాపని ఎత్తుకుంటారా?"

"చూశాక నీకే వెళ్లాలనిపించదు!"

లిఫ్టులు బాగుచేసే కొడుకు ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్లో వెతికి, ఆ సినిమా టీవీకి ఎక్కించాడు. ఆపరేటరుగారు టేబుల్ ఫ్యాను విప్పుకుని ఓ మూల కూర్చున్నారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా ఆయన చేతులకి తిరిగే వస్తువేదో ఒకటి కావాలి.

సినిమా మొదలైన కాసేపటికే కోడలు పెదవి విరిచింది. "గొంతు బంగారమే అత్తయ్యా, కాదనను. కానీ ఏమిటా ఏడుపు? ఉత్తరం వస్తే ఏడుపు, రాకపోతే ఏడుపు. కన్నీళ్ల కుళాయి!"

"నోరు ముయ్! ఆ కళ్లలాంటి కళ్లు మళ్లీ పుట్టలేదు!"

"ముక్కు మాత్రం కాస్త వంకర," అన్నారు మామగారు, స్క్రూ తిప్పుతూ.

"మీరు ఫ్యాను చూసుకోండి!"

"ఆ ఇంటావిడ ఎవరే అమ్మా, నీలాగే కసురుతోంది?" అన్నాడు కొడుకు. తెర మీద అద్దె ఇంటి యజమానురాలైన ముసలావిడ చేతికర్రతో తలుపు బాదుతోంది. కోడలు నవ్వు ఆపుకోలేక పాప పొట్టలో మొహం దాచుకుంది.

అత్తగారు వినిపించుకోలేదు. అర్థం తెలియని ఆ పాటలకి ఆమె పెదవులు తప్పులేకుండా కదులుతున్నాయి. చివరికి ఆ ఘట్టం వచ్చింది. ఒళ్లో బిడ్డ... తార లేచింది... కిటికీ మూసింది... నిశ్శబ్దం. తెర నల్లబడింది. అత్తగారు కళ్లు ఒత్తుకుంటూ లేచి లైటు వేసింది.

"చూశావా తల్లీ! అదీ ఆడదంటే!"

"అత్తయ్యా... ఇంకా ఉంది."

తెర మళ్లీ వెలిగింది. ఆమె ఎన్నడూ చూడని వెలుగు అది! అదే గది, అదే బిడ్డ. సినిమా అంతా కసురుకున్న ఆ ముసలావిడ లోపలికొచ్చి, చేతికర్ర గోడకి ఆనించి, మాటా పలుకూ లేకుండా బిడ్డను అందుకుని, తారను తలుపు వైపు నెట్టింది. తర్వాత వేదిక. తార పాడుతోంది. వేదిక పరదా చాటున ముసలావిడ, ఆమె భుజం మీద నిద్రపోతున్న బిడ్డ. పాడుతూ పాడుతూ తార ఒక్కసారి అటు చూసింది. ఆ చూపులో కన్నీటి చుక్క లేదు.

అత్తగారి చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది.

"ఎవరండీ... ఇదంతా ఎవరు కలిపారు?"

ఆపరేటరుగారు తలెత్తారు. "కలపడమేమిటి? ఉన్నదే. ఆఖరి రీలు. సాయంత్రం ఆటకి మిల్లు ఆడవాళ్లు వచ్చేవాళ్లు కదా, ఆట పూర్తయ్యేదాకా ఉంటే ఆఖరి బస్సు వెళ్లిపోయేది. కిటికీ మూసేశాక కథ అయిపోయినట్టే ఉంటుంది, అక్కడ ఆపేయమనేవాడు మేనేజరు. ఆపేసేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా! కళ్లు తుడుచుకుంటూ వచ్చేదానివి. ఏడ్చావంటే నచ్చింది కాబోలనుకున్నా..."

కొడుకు పకపకా నవ్వబోయి, తల్లి మొహం చూసి మింగేశాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులనే మళ్లీ కడగసాగింది. బస్సు కోసమా! ఒక బస్సు కోసం తన గొంతు ఆగిపోయిందా! కోపంగా గ్లాసులు టకటకా బోర్లించింది. కానీ చల్లటి నీళ్ల కింద చేతులు ఉంచేకొద్దీ, ఆ కోపం కింద ఇంకేదో కదిలింది. నిజంగా సినిమా చూసే మానేసిందా తను? రేడియోవాళ్లు వచ్చిన రోజు గుర్తొచ్చింది. భర్త హాల్లో ఉన్నాడు. తల్లి లేదు. అత్తగారు మంచం పట్టి ఉంది. పిల్లాణ్ణి ఎత్తుకునేవారు ఒక్కరూ లేరు. 'కాస్త ఎవరైనా పట్టుకోండి' అని అడగడం తనకి చేతకాలేదు. ఎత్తుకునే దిక్కు లేక మానేశానంటే ఏడుపొస్తుంది, బిడ్డ కోసం వదులుకున్నానంటే తల ఎత్తుకోవచ్చు. మూసిన ఆ కిటికీ తనకి ఆ రెండో మాట ఇచ్చింది. ఇన్నేళ్లూ తనని నిలబెట్టింది ఆ మాటే కదా! దాన్ని ఎలా తిట్టుకోవడం?

మరి కోడలి మీద అంత కసి ఎందుకు? ఈ పిల్ల బిడ్డనీ పాటనీ రెండింటినీ నిలుపుకుంటే, తను పోగొట్టుకున్నది పోగొట్టుకోనక్కర్లేనిదని తేలిపోతుంది... ఆ భయం! తనకి ఒక మనిషి తక్కువైంది, అంతే. ఆ మనిషి ఈ పిల్లకి ఉంది. ఇదే వంటింట్లో, చేతులు తడుపుకుని నిలబడి ఉంది!

వెనక అలికిడైంది. కోడలు పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. గెలిచిన మొహం కాదు అది.

"అత్తయ్యా, ఆవిణ్ణి కుళాయి అన్నాను. తప్పే. ఆ ఒక్క చూపు చాలు."

"లేదులే... కొంచెం ఎక్కువే ఏడ్చింది," అంది అత్తగారు ముక్కు ఎగబీలుస్తూ. "నేనూ ఎక్కువే చేశాను."

"మీరు నాకు చేసిన మేలూ తక్కువేం కాదు. ఆయన నన్ను ఏనాడూ పాడొద్దనలేదు. పైగా, 'మా అమ్మ గిన్నెలు తోముతూ పాడేది, నేను తలుపు చాటునుంచి వినేవాణ్ణి' అంటారు. పాడే ఆడదాని విలువ ఆయనకి మీ దగ్గరే తెలిసింది. మీకెప్పుడూ చెప్పలేదు నేను..."

అత్తగారి కళ్లకి నీళ్లడ్డుపడ్డాయి. విన్నవాడు ఒకడున్నాడన్నమాట! ఏ రేడియోలోనూ దొరకని శ్రోత! తడిచేతులు చీర కొంగుకి తుడుచుకుని పాపని అందుకుంది. అది వెంటనే ఆమె ముక్కు పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం కోడలు నల్ల దుస్తుల్లో గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "ఆఖరి పాట అందరూ కలిసి పాడేదే అత్తయ్యా. అది వదిలేసి వచ్చేస్తే బస్సు దొరుకుతుంది," అంది.

వీధిలో ఆపరేటరుగారు అప్పటికే స్కూటరు తుడుస్తున్నారు. "ఆ బస్సుల లెక్క నాకొదిలెయ్ అమ్మాయ్, నేనొచ్చి తీసుకొస్తాను," అన్నారు, భార్య మొహంలోకి చూడకుండా.

అత్తగారు ఆయన వంక చాలాసేపు చూసింది. తర్వాత పాపని భుజానికెత్తుకుని, వీధి వైపు కిటికీ రెక్కలు రెండూ తెరిచింది.

"బస్సు కోసం మధ్యలో లేచి రాకు తల్లీ... ఆఖరిదాకా పాడి రా!"