బెల్లు కొట్టని గొంతు

మా ఊళ్ళో టెంపే అమ్ముకునే ఆడవాళ్ళం తెల్లవారుజామునే సైకిళ్ళెక్కుతాం. సోయాగింజల్ని అరిటాకుల్లో చుట్టి పులియబెట్టిన పొట్లాలు వెదురుబుట్టల నిండా సర్ది, వెనక చక్రానికి రెండు పక్కలా వేలాడదీసుకుంటాం. సంతకి దారి కాలవగట్టు మీదే. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క చెరకు. ఆ సన్నపాటి గట్టు మీదే మా సైకిళ్ళూ, బాతుల మందలూ, మోటారు సైకిళ్ళూ, కోతల రోజుల్లో చెరకు లారీలూ... అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పోవాల్సిందే.

చీకట్లో చూపు ఆనదు కాబట్టి బెల్లే మాకు చూపు. మలుపులో మనం కొడితే, ముందున్నవాళ్ళు తిరిగి కొడతారు. పాత వంతెన దగ్గర మాత్రం ఎవరూ లేకపోయినా కొట్టి, "నువున్ సేవు", అంటే దాటుతున్నాం మన్నించండి, అని తల వంచుతాం, పెద్దల ముందునుంచి దాటేటప్పుడు అన్నట్టే. కనపడనివాళ్ళకీ దారిలో వాటా ఉంటుంది మరి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే, బెల్లు వినపడితేనే పలకాలి. బెల్లు కొట్టని గొంతుకి పలక్కూడదు.

మా అమ్మాయి రెత్నో ఇదంతా విని పకపకా నవ్వేది. నాకున్నది అదొక్కతే. దాని తండ్రి పోయాక ఇంట్లో మాటా పాటా అన్నీ దానివే, నోరు మాత్రం అచ్చం నాదే. ఆ మధ్య సైకిలు వెనక్కి మినుకు మినుకుమనే ఎర్ర బ్యాటరీ లైటూ, హ్యాండిలుకి ఒక పెద్ద లైటూ కొనుక్కొచ్చింది. హ్యాండిలు మీద చోటు చాల్లేదని బెల్లు పీకి పారేసింది.

"ఇంత వెలుగుంటే గుడ్డివాడికైనా కనపడతాను. ఇంకా బెల్లెందుకమ్మా?" అంది.

"నువ్వు వాడికి కనపడితే సరిపోయిందా? వాడు నీకు తెలియొద్దూ?" అన్నాను. చెవిలో జోరీగలా పోరాను. వింటేగా!

నాది పాతకాలం డైనమో లైటు. ముందు చక్రానికి రాసుకుంటూ తిరుగుతుంది. తొక్కినంతసేపే వెలుగు, ఆగితే చీకటి.

ఆ రోజు మసీదులో తొలి నమాజు పిలుపు అయ్యాక బయల్దేరాం. పొగమంచు విపరీతంగా ఉంది. కాల్చిన చెరకాకు వాసన, దాని కింద కాలవ బురద వాసన. రెత్నో ముందు, నేను వెనక. దాని సైకిలు కనపడ్డం లేదు, ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతూ ఆరుతూ పోతోంది. దాన్నే చూసుకుంటూ తొక్కుతున్నాను. పాత వంతెన రాగానే బెల్లు కొట్టి, నువున్ సేవు అనుకున్నాను. రెత్నో కొట్టలేదు. కొట్టడానికి దానికి బెల్లుంటే కదా.

వంతెన దాటాక మలుపు. అక్కడ ఎర్ర లైటు చెరకు వెనక్కి పోయి ఒక్క క్షణం మాయమైంది. నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడైంది. బాతులై ఉంటాయిలే అనుకున్నాను. మలుపు తిరిగేసరికి ఎర్ర లైటు మళ్ళీ కనపడింది. కాస్త దూరంలో, అదే తీరున వెలుగుతూ ఆరుతూ. ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు వెనకనుంచి వినపడింది.

"అమ్మా..."

మా రెత్నో గొంతే.

నేను పలకలేదు. కళ్ళు ఎర్ర లైటు మీదే పెట్టి ఇంకా గట్టిగా తొక్కాను.

"అమ్మా, ఎక్కడికి పోతున్నావే? పడిపోయాను... కాలు కదలట్లేదు..."

పలక్కూడదని తెలుసు. తెలిస్తే మాత్రం ఏం లాభం? కన్నదాన్ని కదా. తల తిప్పకుండానే "బెల్లు కొట్టు" అన్నాను.

తర్వాత చాలా మెల్లగా, ఏడుపు గొంతుతో...

"బెల్లెక్కడిదమ్మా? లైటు కోసం తీసేశాను కదా."

సరిగ్గా అప్పుడే ముందున్న ఎర్ర లైటు దగ్గర్నుంచి బెల్లు మోగింది. ట్రింగ్... ట్రింగ్...

నా కూతురి సైకిలుకి బెల్లు లేదు. మరి నా ముందు పోతున్నదెవరు? ఇంతసేపూ నేను ఎవరి వెంట పడి పోతున్నాను?

సైకిలు ఆపేశాను. లైటు ఆరిపోయింది. సైకిలు వెనక్కి తిప్పాను. అంతలో వంతెన అవతలనుంచి గుర్రుమని చప్పుడు. చెరకు లారీ. పిల్లెక్కడో గట్టు మీద పడి ఉంది, లారీవాడికి ఈ మంచులో ఏం కనపడుతుంది? తొక్కుకుంటూ పోదామంటే నా చక్రమే దాని మీదనుంచి పోతుందేమో. దిగి నడుద్దామంటే వెలుగు లేదు. ఏడుపు ముంచుకొచ్చింది. దేవుడా, దాన్ని తీసుకెళ్ళకు, కావాలంటే నన్ను తీసుకుపో అని మొక్కుకున్నాను.

హ్యాండిలు పైకెత్తి ముందు చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాను. లైటు వెలిగింది. తెల్లటి మంచు... చెరకు... ఖాళీ గట్టు. ఆరిపోయింది.

నాలుగడుగులు వేశాను. మళ్ళీ తిప్పాను. ఖాళీ గట్టు.

"రెత్నో!"

"ఇక్కడ..."

మళ్ళీ తిప్పాను. నా కాళ్ళ దగ్గరే... చెయ్యి.

గట్టుకి అడ్డంగా బోర్లా పడి ఉంది. జబ్బలు పట్టుకుని చెరకు పక్కకి ఈడ్చాను. ఒళ్ళు మంచుముద్దలా ఉంది, ఇంత చలిలో తడి నేల మీద పడుంది కదా అనుకున్నాను. లారీ మలుపు తిరిగింది. మంచంతా పాలలా తెల్లబడింది. నేను గట్టు మీదే నిలబడి పిచ్చిదానిలా చక్రం తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. బ్రేకులు కీచుమన్నాయి.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఒక్కదానివీ రోడ్డు మధ్యలో ఏం చేస్తున్నావు పిన్నీ? చావాలనుందా?"

పిల్ల పడిపోయింది, కాస్త సంతదాకా ఎక్కించుకో నాయనా అని బతిమాలాను. వాడు నేను చూపించిన వైపు చూశాడు. అద్దం పైకెత్తుకుని, అంచులో దూరి వెళ్ళిపోయాడు. వాడి వంశాన్నంతా తిట్టిపోశాను.

బుట్టలు విప్పి గట్టున పడేసి, దాన్ని క్యారియరు మీద కూర్చోబెట్టాను. సైకిలు కాలవలో పడిపోయిందంది. పోతే పోయింది, నువ్వు దక్కావు చాలు అన్నాను. అది రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, వీపుకి ఆనుకుంది. ఆయాసపడుతూ తొక్కాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను, సంతోషంతోనే.

సంత గేటు దగ్గర బల్బు వెలుగుతోంది. దాని కింద ఒక సైకిలు. వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. సైకిలు పట్టుకుని మా రెత్నో నిలబడి ఉంది.

"ఎంతసేపే అమ్మా! మలుపు దాటాక నీ కోసం బెల్లు కూడా కొట్టాను." హ్యాండిలు మీద కొత్త బెల్లు మెరుస్తోంది. "నీ పోరు పడలేక రాత్రి బిగించుకున్నాలే."

సైకిలు ఇంకా పోతూనే ఉంది. నా చెవి దగ్గర, వెచ్చటి ఊపిరితో...

"ఆపకమ్మా. అది నేను కాదు."

పోనివ్వాలా? ఆపాలా? రెండు గొంతులూ నేను కన్నవే. రెండూ నేను ఉగ్గుపోసి పెంచినవే. వెలుగులో నిలబడి నవ్వుతున్న ముఖాన్ని చూశాను... చూస్తూ చూస్తూ దాన్ని దాటిపోలేకపోయాను. బ్రేకు వేశాను.

లైటు ఆరిపోయింది. నా నడుం చుట్టూ ఉన్న చేతులు ఒక్కొక్క వేలే వదులుతూ జారిపోయాయి. వెనక్కి తిరిగి చూశాను. క్యారియరు మీద ఎవరూ లేరు.

రెత్నో పరుగెత్తుకొచ్చింది. బుట్టలేవీ, ఆ ముఖమేంటి అని నవ్వబోయి, నా వీపు మీద చెయ్యేసి ఆగిపోయింది.

"అమ్మా... నీ జాకెట్టంతా రక్తం."

తడిమి చూసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. నాకు ఎక్కడా దెబ్బ లేదు. సంతంతా చూస్తుండగా అక్కడే నేల మీద కూలబడి, దాని పరికిణీ మోకాళ్ళ పైకి లాగాను. ఏంటమ్మా ఇది, అందరూ చూస్తున్నారు అంటోంది. రెండు మోకాళ్ళూ వెలుగుకి తిప్పి చూశాను.

ఎక్కడా చిన్న గీత కూడా లేదు. ఏడేళ్ళప్పుడు మెట్లమీంచి పడితే, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని మోకాలికి కుట్లు వేయించిన మచ్చ... అది కూడా లేదు.