కోయని పేజీలు

"ఇరవై మూడో పేజీలో నా పేరెందుకొచ్చింది?"

నిజార్ కాగితాల కట్టను ఎమ్నా ముందు పెట్టాడు. లైబ్రరీలో ఇంకెవరూ లేరు. బయట ట్యునీషియాలోని స్ఫాక్స్ నగరం మీద వాన పడుతోంది.

అది ఆమె పిహెచ్‌డి గ్రంథంలో మొదటి అధ్యాయం. ఆలివ్ కాయల్ని తొలిచి పాడుచేసే ఆలివ్ ఈగ మీద ఇంతవరకు ఎవరేం రాశారో అందులో సమీక్షించింది. ల్యాబ్‌లో సీనియర్ అయిన నిజార్ గురువారం లోపు అది చదివి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆమె ఆరు నెలలు ఆగాలి.

"మీ వ్యాసంలో తప్పుంది కాబట్టి వచ్చింది," అంది ఎమ్నా.

"నలభై డిగ్రీల ఎండకి ఈగ చస్తుందని నేనొక్కణ్ణే అన్నానా? పదకొండు మంది అన్నారు. అందరూ 1951 నాటి రిపోర్టునే చూపించారు."

"ఆ రిపోర్టు మీరు చదివారా?"

"చదవకుండా రాస్తానా తల్లీ? ఇక్కడే, ఈ బల్ల దగ్గరే చదివాను."

ఎమ్నా లేచి వెళ్ళి రిపోర్టు తెచ్చింది. దేశంలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. పాత ఫ్రెంచి అచ్చు. అప్పట్లో పేజీల అంచులు కోయకుండానే కుట్టి అమ్మేవారు, చదివేవాళ్ళే కోసుకోవాలి.

"పోయిన సోమవారం దాకా ఇవి అతుక్కునే ఉన్నాయి. ల్యాబ్ కత్తితో నేను కోశాను. మీరెలా చదివారు? దీపానికి అడ్డం పెట్టి చూశారా?"

నిజార్ అంచులను వేలితో తడిమాడు. కోత కొత్తది.

"ఈగలు చచ్చింది గాజు సీసాల్లో," అంది ఆమె. "తోటలో చావలేదని తర్వాతి పేజీలోనే ఉంది."

అతను కాగితాల కట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. సంతకం పెట్టలేదు.

రెండు రోజులు ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. అతని పేరున్న ఆ ఒక్క వాక్యం తీసేస్తే గొడవుండదని ఎమ్నాకు తెలుసు. ఒకసారి తన ప్రతిలో కొట్టేసింది కూడా. మళ్ళీ రాసింది. రెండేళ్ళుగా రోజూ ఎదురుగా కూర్చుని నవ్వించిన మనిషి ఇక పలకడేమోనని భయం వేసింది. అయినా వాక్యం ఉంచింది.

గురువారం పొద్దున నిజార్ వచ్చాడు. అధ్యాయం మీద సంతకం ఉంది. దానితో పాటు, పత్రిక సంపాదకుడికి అతను పంపిన ఉత్తరం నకలు. 'ఆ రిపోర్టు చదవకుండానే ఉదహరించాను. నేను రాసింది తప్పు.'

ఎమ్నా రెండుసార్లు చదివింది.

"ఇది అచ్చయితే అందరూ నవ్వుతారు."

"మిగతా పదిమందీ నవ్వర్లే."

"రోజూ లైబ్రరీకొచ్చి ఏం చదివారండీ మరి?"

"చదవడానికొస్తే కదా!" అతను కిటికీ వైపు చూశాడు. "నువ్వు పేజీ తిప్పేముందు పెన్సిల్ కొరుకుతావు. ఎవరిదైనా తప్పు దొరికితే కాలు ఊపుతావు. ఇది మాత్రం స్వయంగా చూసి చెబుతున్నా."

ఎమ్నా కాలు ఊపడం ఆపింది.

"ఆదివారం మా ఇంట్లో చేపల కూస్‌కూస్ వండుతున్నాం," అంది. " మా అమ్మ ప్రశ్నలడుగుతుంది. పదకొండు మంది చెప్పిందే చెబితే ఊరుకోదు."

"ఎన్నింటికి రమ్మంటావ్?"

"ఒంటిగంటకి," అంది ఎమ్నా. "ఆకలితో రా."