పేరు పెట్టి పిలిచే ఒర్రె

పటాన్‌చెరు దాటి కాజీపల్లి దిక్కు పోతుంటే రాగి కంపెనీ వెనుక చిట్టెం గుట్ట ఉంటది. దేవుడు పెట్టిన గుట్ట కాదది. బట్టీల రాగి కరిగిస్తే మీదికి తేలే నల్లటి చిట్టెం తెచ్చి కుమ్మరించి కుమ్మరించి గుట్ట చేసిండ్రు. గుట్ట కింద ఒర్రె, నీళ్లు లేని పిల్లవాగు. ఒర్రె అవతల ఊరు. పొద్దుగూకినంక ఆ ఒర్రెల దిగినోడు లేడు... ఉంటే నాకు చూపియ్యున్రి.

ఎనభైల చివరి ముచ్చట ఇది. నేను ఇన్నది ఇన్నట్టే చెప్తున్న.

చీకటి పడంగనే గుట్ట మీద ఎర్రటి మంట లేస్తుండె. లేచి, జారి, పక్కల పొంటి పారుతుండె. కొరివి దెయ్యం అని ఊరోళ్లు అటు దిక్కు మొఖం పెట్టకపోయేది. ఇగ ఒర్రెల దిగితే... గొంతు పట్టుకుంటది. కండ్లల్ల కారం కొట్టినట్టయితది, ఊపిరి తిరగదు. చేనుకాడ ఆలస్యమైన పోచయ్య ఒకనాడు జల్దీ పోదామని దిగిండు. నాలుగడుగులేసి పడ్డడు, పాక్కుంట ఒడ్డెక్కి బతికిండు. చానా రోజులు మాట రాలే. వచ్చినంక కూడా ఒక్కటే మాట.

"పిసికింది."

అన్నిటికంటే చెడ్డది పిలుపు. అది ఆడగొంతుతోని పేరు పెట్టి పిలుస్తదంట. పలికినవా, పోయినవు. ఇంట్లోళ్ల గొంతు పెట్టి సుత పిలుస్తది, ఎన్నిసార్లు పిలిచినా పలుకొద్దు, తలుపు తియ్యొద్దు, గడపల చెప్పు బోర్లేసి పండుకోవాలె. ఊరంతా ఇవన్ని నేర్చుకున్నరు.

నేర్పినోడు మొగులయ్య.

మొగులయ్యది ఆ ఊరే. ఉన్న చెక్క భూమి కంపెనీ కిందికే పోయింది, ఆయన కంపెనీలకు పోయిండు. గ్యాసు కాడ పని. అదేందో జర చెప్పాలె, లేకుంటే మీకు ఈ కథ తలకెక్కదు.

లారీలల్ల నల్లటి పొడి వస్తది. అండ్ల రాగి, ఇనుము, గంధకం కలిసి ఉంటయి. ఇసుక కలిపి బట్టీల ఏస్తరు. ఇసుక పోయి ఇనుమును పట్టుకుంటది, రెండు కలిసి చిట్టెమై మీదికి తేలుతయి. రాగి కిందికి దిగుతది. గంధకం కాలి పొగయితది. ఆ పొగను గొట్టాలల్ల పట్టి, పక్క ప్లాంటుల యాసిడ్ చేసి, ఎరువుల కంపెనీలకు అమ్ముకుంటరు. ఇంటే మంచిగనే ఉంటది, ఏదీ దండుగ పోదు.

మరి ఎరువుల కంపెనీ ట్యాంకర్లు రావుడు బందైతే? యాసిడ్ ట్యాంకులు నిండిపోతయి. అప్పుడు పొగను ఏడ పెడ్తవు? బట్టీ ఆర్పుదామంటే లోపల రాగి గడ్డకడ్తది, బట్టీయే పోతది. అందుకని ఇంకో గొట్టం పెట్టిండ్రు... పొట్టిది. దాని మూతి ఒర్రె దిక్కు. పగలు ఇడిస్తే జనం సూస్తరు గనుక చీకటి పడ్డంక దాని చక్రం తిప్పుతరు. ఆ పొగ బరువుంటది, మీదికి పోదు. చలికాలమైతే నీళ్ల లెక్క పారి పల్లంల నిలుస్తది.

తిప్పేది మొగులయ్య.

పోచయ్య పడ్డ తెల్లారి మేనేజర్ సాబ్ పిలిచిండు. "ఒర్రెల మనుషులు తిరగొద్దు మొగులయ్యా. ఎట్ల చేస్తవో నాకు తెల్వది. చేసినవంటే నిన్ను పర్మనెంట్ చేపిస్త."

పర్మనెంట్. ఆ మాట కోసం ఆయన ఏండ్ల సంది ఆ గేటు కాడ నిలబడ్డడు. ఏ దినం వద్దంటే ఆ దినం ఇంటికే. భూమి సుత లేకపాయె. ఆశ మంచిది కాదంటరు గని, గట్లాంటి బతుకుల ఆశ గాక ఇంకేముంటది?

ఆ పొద్దే కల్లు కాంపౌండుల కూసొని దెయ్యాన్ని తయారు చేసిండు. గుట్ట మీద మంట ఎట్లాగు ఉన్నది. కాగిన చిట్టెం కుమ్మరిస్తే అది రాత్రి ఎర్రగ పారుతది, అంతే. దానికి పిసికే చేతులిచ్చిండు. పిలిచే గొంతిచ్చిండు. ఆ పిలుపు మీద ఆయనకు ఎంత మురిపెమో... కల్లు తాగేటోళ్లు లోటాలు కింద పెట్టి ఇన్నరు.

ఇంటికొస్తే పెండ్లాం నర్సింహమ్మ బిడ్డను పొట్టకు అదుముకొని కూసున్నది. భయపడ్డది. ఆయనకు నవ్వాగలే.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. నేనే పుట్టించిన. ఎవరికన్న చెప్పినవంటే నా నౌకరి పోతది."

"ఎందుకు పుట్టించినవయ్యా?"

"అదంతా నీకెందుకు తియ్యి."

పొగ సంగతి చెప్పలే. చెప్తే ఈ పాపపు కూడు మనకెందుకని మొఖం మీదనే అంటది. ఆమె నోటికి ఆయనకు భయం. ఊరంతటికి అబద్ధం చెప్పిండు, ఊరు బతికింది. పెండ్లానికి సగం నిజం చెప్పిండు.

ఆ చలికాలం ఒకనాడు, మొగులయ్యది పగటి డ్యూటీ ఉన్న వారం, రాత్రి డ్యూటీకి రావాల్సినోడు రాలే. మొగులయ్యకు డబల్ డ్యూటీ పడ్డది. తోటి పనోడొకడు రోడ్డు మీదికెల్లి ఇంటికొచ్చి నర్సింహమ్మతోని చెప్పిండు. పొద్దుటి సంది మనిషి తిండి లేకుండ ఉన్నడని ఆమె పరేషాన్ అయింది. జొన్నరొట్టె, ఉల్లికారం గిన్నెల పెట్టి గుడ్డ కట్టింది. బిడ్డ కౌసల్యను పక్కింటి సత్తెమ్మ కాడ దించింది.

"రోడ్డు పట్టి చుట్టు తిరిగి పో బిడ్డా," అన్నది సత్తెమ్మ.

"రొట్టె సల్లారదా అత్తా? నాకేం కాదు తియ్యి."

నవ్వుకుంట ఒర్రెల దిగింది. ఊరు ఊరంతట్ల భయం లేనిది ఆమె ఒక్కతే.

అదే యాళ్లకు మొగులయ్య చక్రం మీద చెయ్యేసిండు. మేనేజర్ సాబ్ ఎనుక నిలబడ్డడు.

"కింద ఎవరన్న ఉన్నరా?"

"ఎవరుంటరు సాబ్... దెయ్యముంది కద."

ఇద్దరు నవ్వుకున్నరు. చక్రం పూర తిరిగింది. సాబ్ జీపెక్కి పోయిండు.

జర సేపైంది...

"మొగులయ్యా..."

ఆడగొంతు. ఒర్రెలకెల్లి.

మొగులయ్యకు ముందుగాల పెండ్లామే యాదికొచ్చింది. ఆమె కాదనుకున్నడు. ఎందుకంటే పెండ్లయినకాడికెల్లి నర్సింహమ్మ మొగని పేరు నోట పలుకలే. "ఏమయ్యా" అంటది, లేకుంటే "కౌసల్య నాయినా" అంటది. రేషన్ దుకాణంల పేరడిగితే పక్కామెతోని చెప్పిచ్చిన మనిషి.

"ఓ మొగులయ్యా..."

గొంతు బొంగురుపోయి ఉన్నది. కల్లు కాంపౌండుల తను ఎట్ల చెప్పిండో అచ్చం గట్లనే. పేరు పెట్టి... సాగదీసి... నేను పుట్టించింది నన్నే పిలుస్తున్నది అనుకున్నడు. పలుకలే. చెవులు మూసుకొని గొట్టం పక్కకు ముడుచుకొని కూసున్నడు. చక్రం తిప్పింది తిప్పినట్టే ఉన్నది.

ఊర్ల సుత ఇనబడ్డది. సత్తెమ్మ ఇంట్ల కౌసల్య లేచి కూసున్నది.

"మా అమ్మ..."

సత్తెమ్మ చప్పున ఆ పిల్ల నోరు మూసింది. "అమ్మ గొంతు పెడ్తది బిడ్డా అది. పలుకకు."

గడపల చెప్పు బోర్లేసింది. వాడల ఒక్కొక్క తలుపు పడ్డది, ఒక్కొక్క దీపం ఆరింది. అందరు ఇన్నరు. ఒక్కరు బయటికి రాలే. ముసలామె ఏం చేస్తది పాపం, మంచే చేస్తున్ననని అనుకున్నది.

మూడోసారి పేరు సగంలనే ఆగింది.

"మొగు..."

తెల్లారి గట్ల చక్రం ఎనుకకు తిప్పి బందు చేసి, పొగంతా గాలికి పోయినంక, మొగులయ్య ఒర్రెలకెల్లే ఇంటికొచ్చిండు. గడ్డి తెల్లగ మాడి ఉన్నది. నడుమ నర్సింహమ్మ బోర్ల పడి ఉన్నది. కొంగు మూతికి చుట్టుకొని ఉన్నది. గిన్నె పక్కకు పెట్టి ఉన్నది, కట్టిన గుడ్డ ఇప్పకుండ.

అంత పెద్ద కంపెనీల "ఏమయ్యా" అంటే ఎవరికి తెలుస్తది. పేరు పెట్టి పిలిస్తే, ఎవరన్న ఇని ఆయనకు చెప్తరనుకున్నది. బతుకంతట్ల మొదటిసారి పేరు పలికింది.

ఊరు మాత్రం దెయ్యం నర్సింహమ్మను తిన్నదన్నది. మేనేజర్ సాబ్‌కు జాలి కలిగిందంట... భూతవైద్యునికి, మేకపోతుకు కంపెనీయే పెట్టుకున్నది. పగటి పూట ఊరంత ఒర్రె ఒడ్డుకు చేరింది. జీపు దూరంగ ఆగి ఉన్నది.

మొగులయ్య అందరి నడుమకు వచ్చి నిలబడ్డడు.

"దెయ్యం లేదు. నేనే పుట్టించిన. అది పొగ. తిప్పింది నేనే... ఈ చేతులతోనే."

పోచయ్య ముందుకొచ్చి అన్నడు, "పొగ పేరు పెట్టి పిలుస్తదా మొగులయ్యా? మేమందరం ఇంటిమి కద."

"అది మా ఆమె."

అంతే. భూతవైద్యుడు తల ఊపిండు. "సూసిండ్రా... ఈన్నే పట్టింది. ఈని నోటితోనే నేను లేనంటున్నది."

నలుగురు పట్టుకొని గుంజకు కట్టిండ్రు. ఏపకొమ్మ లేచింది.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు."

"మొగులయ్యను."

కొమ్మ పడ్డది.

"అసలు పేరు చెప్పు."

"మొగులయ్యనే... నన్ను ఇడువున్రి. పొగ అది, ఇయ్యాల సుత ఇడుస్తరు..."

కొమ్మ పడ్డది, ఇరిగింది. ఇంకోటి తెచ్చిండ్రు. ఎంత సేపని చెప్పాలె. సత్తెమ్మ ఏడ్సుకుంట మీదికొచ్చి ఆయన గదువ పట్టుకున్నది. "చెప్పు బిడ్డా. చెప్తే పోతది. నీ మంచికే."

మొగులయ్య సుత నలుగుర్ల పెండ్లాం పేరు ఎన్నడు పలుకలే. "ఏమే" అనుడే. పగిలిన పెదిమలు కదిలినయి.

"నర్సింహమ్మ."

ఊరంత ఊపిరి పీల్చుకున్నది. భూతవైద్యుడు నిమ్మకాయ కోసిండు. జీపు ఎనుకకు మర్లింది. మేనేజర్ సాబ్ మాట తప్పలే, ఆ నెలల్నే ఆయనను పర్మనెంట్ చేసిండు.

ఆ రాత్రి కంపెనీల ఇంకెవరో చక్రం తిప్పిండ్రు. ఒర్రెల తెల్లగ లేస్తుంటే ఊరోళ్లు సూసి తలుపులు పెట్టుకున్నరు. ఇప్పుడు దానికి పేరు సుత ఉన్నది.

సత్తెమ్మ గడపల చెప్పు బోర్లేసొచ్చి, కౌసల్యను పక్కల పండుకోబెట్టుకొని, చెవుల మెల్లగ చెప్పింది.

"అమ్మ పిలిస్తే పలుకకు బిడ్డా."