మూడూ నలభైకి ఆగిన వాచీ

కాలవకు నీళ్ళు వదిలేముందు రోడ్డు కింది తూములో పూడిక తీసుకోవడం రాయచూరు వైపు వలసొచ్చి కట్టుకున్న మా క్యాంపులో ఏటా ఉండే పనే. కల్లూరు దాటాక ఆఖరి పొలాలు మావి. మనిషి పాక్కుంటూ దూరేంత తూము అది. ఒకడు లోపలికి వెళ్తే ఇంకొకడు నీళ్ళు ఆపే గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఇవాళ మధ్యాహ్నం దిగే వంతు నాది. గేటు దగ్గర మా పక్కపొలం రైతు అమరేశప్ప బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు.

రెండేళ్ళ కిందట దిగింది మా అన్నయ్య యలమందయ్య. గేటు దగ్గర నేను. "నాలుక్కల్లా బయటికొస్తాను. అప్పుడు గేటు ఎత్తరా" అన్నాడు. ఆ ఏడు నీళ్ళు ముందే వచ్చేశాయి. వెంటనే ఎత్తకపోతే ఎగువవాళ్ళు తిప్పేసుకుంటారు, మా నారు ఎండిపోతుంది. అన్నయ్య ఈపాటికి అవతల తేలుంటాడులే అనుకున్నాను. మూడూ నలభైకే ఎత్తేశాను. నన్ను తిట్టుకునేవాళ్ళు కాలవ ఆఖర్న ఒక్క కారు వరి వేసి చూడండి, తెలుస్తుంది.

శవం చేతికున్న వాచీ మూడూ నలభై దగ్గర ఆగిపోయింది. మా నాన్న ఇచ్చిన, కీ తిప్పి నడిపే వాచీ. నేను నాలుక్కే ఎత్తాననీ, ఆ వాచీయే ఇరవై నిమిషాలు వెనక నడిచిందనీ పోలీసులకు చెప్పాను, ఊరందరికీ చెప్పాను. అందరూ నమ్మారు. మా వదిన శ్యామలాదేవి మాత్రం ఆ వాచీ తీసి బీరువాలో దాచుకుంది.

ఇవాళ నేను తువ్వాలు నడుముకు బిగిస్తుంటే వదిన గట్టు మీదికి వచ్చింది. కొంగు ముడి విప్పి వాచీ తీసింది. నడుస్తోంది.

"రాయచూరులో ఇద్దరు వాచీ రిపేరువాళ్ళు చూసి, లోపలంతా తుప్పే, పారేయమన్నారు" అంది మెల్లగా. "నిన్న పొద్దున బీరువాలో దానంతటదే నడుస్తోంది. కీ ఎవరూ తిప్పలేదు చంద్రం. ఫోనుతో పోల్చి చూస్తున్నాను. ఒక్క నిమిషం కూడా వెనకబడలేదు."

నేను తువ్వాలు ముడి మళ్ళీ బిగించాను.

"పెట్టుకుని దిగు. ఆయన పెట్టుకునే దిగాడుగా."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. చెయ్యి చాపాను. పట్టీ ఆవిడే బిగించింది.

మూడింటికి దిగాను. చీకటి. కుళ్ళిన తుంగ వాసన. వాచీ చప్పుడు గోడలకు తగిలి పెద్దదవుతోంది. కాస్త దూరం పాకాక టార్చి వేసి చూశాను. మూడూ ముప్పై ఎనిమిది. అప్పుడే అంతసేపయిందా... వెనక్కి పాకబోయాను. మోకాళ్ళు బురదలో దిగబడ్డాయి. కదల్లేదు...

నలభై.

నీళ్ళ హోరు. ముక్కులోకి, నోట్లోకి చల్లటి నీళ్ళు... చెవి పక్కనే ఎవరో గుసగుసగా అడిగారు.

"ఎన్నింటికి ఎత్తావురా?"

అన్నయ్య గొంతే.

"మూడూ నలభైకి... మూడూ నలభైకే ఎత్తాను అన్నయ్యా..." ఊపిరున్నంత మేరా అరిచాను.

ఎలా బయటపడ్డానో తెలియదు. గట్టు మీద పడి దగ్గుతున్నాను. ఒంటి మీద చుక్క నీరు లేదు. అమరేశప్ప బిత్తరపోయి చూస్తున్నాడు.

"నేను గేటు ముట్టనే లేదన్నా. కాలువల నీళ్ళే లేవు గదా."

వదిన తూము మూతి దగ్గరే నిలబడి ఉంది. అంతా విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. పోనీలే, నిజం చెప్పేశాను, ఇంక జైలుకు పంపినా సరే, పీడ వదిలింది అనుకున్నాను. వాచీ విప్పబోయాను. పట్టీ ఊడి రాలేదు.

"టైమెంతయింది?" అంది వదిన.

చూశాను. మూడూ ఇరవై. ఆవిడ ఫోను నా ముఖం ముందు పెట్టింది. అందులోనూ మూడూ ఇరవై.

"ఇంకా ఇరవై నిమిషాలుంది" అంది.

ఒకటే పరుగు పెట్టాను. మా ఇంటి మేడ ఎక్కి, మెట్ల తలుపుకు గడియ పెట్టి, నీళ్ళ ట్యాంకుకు దూరంగా కూర్చున్నాను. క్యాంపులో ఇంతకన్నా ఎత్తయిన చోటు లేదు. ఎండకు గచ్చు కాలిపోతోంది.

ముప్పై ఎనిమిది అయింది.

నేను కూర్చున్నచోట గచ్చులోంచి నీళ్ళు ఊరుతున్నాయి, కుళ్ళిన తుంగ వాసనతో...