ఆరో టెంటు కట్టెలు

"ఆరింటికి డ్యామ్ గేట్లు తెరుచుకుంటాయి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "తెరిచేది మనం కాదు."

కుళాయిల మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ వాచీ చూసుకున్నాడు. ఐదూ ఇరవై.

విదేశీ ముఠా డ్యామ్ కంట్రోల్ సిస్టమ్‌లోకి చొరబడింది. దాన్ని వదిలించడానికి ఇంజనీర్లకు ఇంకా రెండు గంటలు కావాలట. గేట్లు తెరిచే ట్రాన్స్‌మిటర్ రేంజి రెండు కిలోమీటర్లు. ఆ దూరంలో కొత్తవాళ్లు మకాం వేయగల చోటు ఒక్కటే, అడవిలో నది ఒడ్డున ఉన్న ఈ క్యాంపు. తొమ్మిది టెంట్లు, ముప్పై మంది. జనాన్ని ఖాళీ చేయించబోతే ముఠా మనిషి ఆ క్షణమే బటన్ నొక్కేస్తాడు.

మోకాలి లోతు నీళ్లలో ఏడుగురు పిల్లలు ఆడుకుంటున్నారు. కిందటేడు ఒక రైలు విషయంలో ఏజెంట్ నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరాడు. ఆ నాలుగు నిమిషాలు ఇప్పటికీ అతన్ని నిద్రపోనివ్వవు.

అతనికి తోడుగా డిపార్ట్‌మెంట్ పంపిన మనిషి నెమలి. ఆ నడక చూసినవాళ్లు పెట్టిన పేరది. నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, అడవిలో కూడా చెదరని లిప్‌స్టిక్. కుళాయి దగ్గర ఆగి కోడ్ అడిగింది.

"అగ్గిపెట్టె ఉందా?"

"ఉంది. తడిసింది." అంటే ఇంకా ఏమీ దొరకలేదని.

రెండో టెంటు చూడమని గొంతు తగ్గించి చెప్పి వెళ్లిపోయింది.

అతని జేబులో పెన్నులాంటి డిటెక్టర్ ఉంది. దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ ఉంటే ఎర్రగా వెలుగుతుంది. రెండో టెంటు దగ్గర వెలిగింది కూడా. లీకు వంకతో లోపలికి దూరితే, వైర్‌లెస్ మైకుతో పిట్టల కూతలు రికార్డు చేసుకుంటున్న రిటైర్డ్ మాస్టారు దొరికాడు. ఆయన వదిలితే కదా. పావుగంట నీళ్లపాలైంది.

మిగతా టెంట్లన్నీ చుట్టాడు. పెన్ను వెలగలేదు. నెమలిది కాబట్టి ఆరో టెంటు జోలికి పోలేదు. ఐదూ యాభై రెండు.

కట్టెల షెడ్డు దగ్గర క్యాంపు చూసుకునే ఆవిడ చిర్రుబుర్రులాడుతోంది. ఎన్ని రోజులుంటే అన్ని మోపుల కట్టెలు మొదటిరోజే ఇచ్చేయడం ఆవిడ పద్ధతి.

"చాలడం లేదని గొడవపడేవాళ్లనే చూశా తమ్ముడూ. ఎల్లుండిదాకా ఉంటానన్న మనిషి రెండు మోపులు తెచ్చి నా మొహాన పడేసింది."

"ఎవరక్కా?"

"ఆరో టెంటు. ఆ కళ్లద్దాలమ్మాయి."

అంటే నెమలి ఈ సాయంత్రమే వెళ్లిపోతోంది, అతనికి చెప్పకుండా. మకాం ఎత్తేముందు వెనక ఏమీ మిగల్చకూడదు. ట్రైనింగ్‌లో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని నేర్చుకున్న పాఠం అది. ప్రాణం మీదికి వచ్చినా ఆ అలవాటు పోదు.

ఆరో టెంటులో పరుపు చుట్టి ఉంది, బ్యాగు సర్ది ఉంది. మూలన బిగుతు మూతతో మందపాటి స్టీలు డబ్బా. మూత లాగాడు. పెన్ను భగ్గున ఎర్రబడింది. ఇంతసేపూ సిగ్నల్‌ని దాచింది ఆ స్టీలే. లోపలి పెట్టె మీద అంకెలు తగ్గిపోతున్నాయి. నలభై. ముప్పై తొమ్మిది.

"మూత తీసే శ్రమ నాకు తప్పించావు," అంది వెనకనుంచి నెమలి. చేతిలో పిస్టల్ ఉంది. "కారు గుట్ట మీద ఉంది. నువ్వూ వచ్చెయ్."

"నీళ్లలో పిల్లలున్నారు."

"తెలుసు," అంది ఆమె, కళ్లద్దాలు తీయకుండా.

ఈ మనిషితో కలిసి ఒక ఇల్లు చూసుకోవాలని అతను ఎన్నిసార్లో అనుకున్నాడు. ఇప్పుడు ఏడుపొచ్చింది. అంకె పదికి దిగింది.

టెంటు గుడ్డ పక్కకు జరిగింది. రెండు మోపులు భుజాన వేసుకుని క్యాంపు ఆవిడ లోపలికొచ్చింది.

"ఇచ్చిన కట్టెలు వెనక్కి తీసుకునే పద్ధతి నా దగ్గర లేదమ్మా," అంటూ ఎదుట ఎవరున్నదీ ఏమున్నదీ చూడకుండా విసిరేసింది. మోపులు నెమలి వీపు మీద పడ్డాయి. పిస్టల్ జారి ఏజెంట్ కాళ్ల దగ్గర పడింది. వైర్లు చూసే వ్యవధి లేదు. ఏజెంట్ డబ్బాకు మూత బిగించి, పిస్టల్ అందుకుని దానిమీద కూర్చుండిపోయాడు.

ఆరు కొట్టింది. బయట పిల్లల నవ్వులు ఆగలేదు.

చీఫ్ మనుషులు వచ్చి నెమలిని తీసుకుపోయారు. ఏ గాడ్జెట్ పనికొచ్చిందని చీఫ్ అడిగితే, రెండు మోపుల కట్టెలని రిపోర్టు చేశాడు. చీకటి పడింది. ఇంజనీర్లు పని ముగించేదాకా అతను డబ్బా మీంచి లేవలేదు. ఆవిడ టెంటు గుడ్డ పైకెత్తి కట్టి, ఆ కట్టెలనే బయట అతనికి ఎదురుగా పేర్చింది.

"అగ్గిపెట్టె ఉందా తమ్ముడూ?"

అతను జేబు తడుముకున్నాడు.

"ఉందక్కా. తడవలేదు."